ఓగర్ కాళ్ల సందున ఎంత చోటు?

పది అడుగుల వెడల్పున్న నడవ. గోడ నుంచి గోడ దాకా అడ్డంగా ఒక ఓగర్, అంటే మనిషిని పోలిన భారీ రాక్షస జీవి. దాని ఎదుట ఇద్దరు. ఒకడు నిండు కవచం తొడుక్కున్న మనిషి యోధుడు. రెండోవాడు మూడడుగుల ఎత్తు హాఫ్‌లింగ్, అంటే పొట్టి జాతివాడు, మొదటి స్థాయి దాటని దొంగ. "దాని కాళ్ల సందులోంచి దూరి అవతలికి పోతాను, వెనక నుంచి పొడుస్తాను" అన్నాడు దొంగను ఆడుతున్న మిత్రుడు. ఇది డంజన్స్ అండ్ డ్రాగన్స్, బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రను పాచికలతో నడిపించే ఆట. ఆట నడిపేది నేను. సరేనన్నాను. "అయితే నేనూ వెళ్తాను" అన్నాడు యోధుడిని ఆడుతున్న మిత్రుడు. నీకు కుదరదన్నాను. ఆ మాటతో ఆట ముప్పావుగంట ఆగిపోయింది.

అతని వాదన తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. ఓగర్ తొమ్మిది, పది అడుగుల ఎత్తుంటుంది. పటం మీద నాలుగు గళ్లు ఆక్రమిస్తుంది. ఒక్కో గడి ఐదడుగులు, అంటే మొత్తం పదికి పది, నూరు చదరపు అడుగులు. ఎంత బొజ్జ ఉన్నా నూరు చదరపు అడుగులను ఏ ఓగరూ ఒంటితో నింపదు. మిగిలిన ఖాళీలో ఒక మనిషి పట్టడా? పడతాడు. అయినా నియమం ఒప్పుకోదు. నియమం తప్పా, దాన్ని మనం చదువుతున్న తీరు తప్పా అన్నది ఆ రోజు తేల్చుకోలేకపోయాం. తరువాత తీరిగ్గా కూర్చుని ఒక్కో ముడీ విప్పుకుంటే నాకు అర్థమైన సంగతులివి.

మొదటి ముడి "చోటు" అన్న మాటలోనే ఉంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు, అంటే 2014లో వచ్చినది, జీవులను ఆరు పరిమాణాలుగా విడదీస్తుంది: టైనీ, స్మాల్, మీడియం, లార్జ్, హ్యూజ్, గార్గాంటువన్. టైనీకి రెండున్నర అడుగుల గడి. స్మాల్‌కూ మీడియంకూ ఐదడుగులే. లార్జ్‌కు పది, హ్యూజ్‌కు పదిహేను, గార్గాంటువన్‌కు ఇరవై లేదా అంతకు మించి. ఈ లెక్కలు చూడగానే ఇవి ఒంటి కొలతలనుకుంటాం. కావు. పోరాటంలో ఒక జీవి తన అదుపులో ఉంచుకోగలిగిన మేర ఇది, దాని శరీరపు కొలత కాదని ఆ నియమాల పుస్తకమే తేటగా చెబుతుంది. మూడడుగుల హాఫ్‌లింగ్‌కూ ఏడడుగులు దాటే మహాకాయ జాతి గొలియత్‌కూ ఒకే ఐదడుగుల గడి ఇవ్వడంలోనే ఆ సంగతి కనిపిస్తుంది. ఒంటిని కొలిచే నియమమైతే ఈ ఇద్దరినీ ఒకే పెట్టెలో పెట్టదు.

మరి ఐదడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? నేను దాన్ని ఒక ఫొటోలా ఊహించుకుంటాను. ఈ ఆటలో ఒక రౌండు అంటే ఆరు సెకన్లు. కత్తి పట్టుకున్నవాడు ఆరు సెకన్లపాటు బొమ్మలా నిలబడడు. అడుగు ముందుకు వేస్తాడు, పక్కకు వంగుతాడు, కత్తి తిప్పుతాడు, డాలు ఎత్తుతాడు. కెమెరా కన్ను ఆ ఆరు సెకన్లూ తెరిచి ఉంచితే ఫొటోలో మనిషి కనబడడు, అతను తిరిగిన మేరంతా ఒక మసక మరకలా పడుతుంది. గడి ఆ మరక. మనం బల్ల మీద నిలబెట్టే బొమ్మ ఆ మరక మధ్యలో గుచ్చిన గుర్తు, అంతే. యోధుడు చూసిన "ఖాళీ" బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ. అక్కడ ఓగర్ దుడ్డుకర్ర తిరుగుతోంది.

చదరంగం ఆడినవాళ్లకు ఈ పొరపాటు ఇంకా సులభంగా జరుగుతుంది. అక్కడ గడికి ఒక పావు, ఇంకొకటి వస్తే మొదటిది చచ్చినట్టే. ఇక్కడ గళ్లు అలాగే కనిపిస్తాయి గాని వాటి వెనక తర్కం వేరు. పైగా 2014 కూర్పులో గళ్ల పటమే ఐచ్ఛికం. పటం లేకుండా మాటలతో ఆడుకున్నా ఈ చోటు నియమాలు వర్తిస్తాయి.

రెండో ముడి ఏమిటంటే, "ఒకరి చోటులోకి ఇంకొకరు రావచ్చా" అని మనం అడిగే ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు చుట్టుకుని ఉన్నాయి. దాటిపోవచ్చా? అక్కడే ఆగవచ్చా? అక్కడ ఉండి పోరాడవచ్చా? నియమాలు ఈ మూడింటికీ వేర్వేరు జవాబులిస్తాయి. బల్ల దగ్గర జరిగే తగాదాల్లో చాలావరకు ఒకరు మొదటి ప్రశ్న మాట్లాడుతుంటే ఇంకొకరు రెండోదానికి జవాబు చెబుతూ ఉండటం వల్ల వచ్చేవే.

దాటిపోవడం సంగతి ముందు చూద్దాం. 2014 నియమం ప్రకారం శత్రువు కానివారి చోటులోంచి ఎవరైనా దాటవచ్చు. శత్రువు చోటులోంచి దాటాలంటే ఇద్దరి మధ్య కనీసం రెండు పరిమాణాల తేడా ఉండాలి, ఎటువైపు తేడా అయినా సరే. హాఫ్‌లింగ్ స్మాల్. ఓగర్ లార్జ్. స్మాల్ నుంచి మీడియం ఒకటి, మీడియం నుంచి లార్జ్ రెండు. కాబట్టి దొంగ దూరిపోవచ్చు. మనిషి మీడియం కాబట్టి ఓగర్‌కూ అతనికీ ఒక్క మెట్టే తేడా. అందుకే యోధుడికి దారి లేదు. అదే యోధుడు హ్యూజ్ పరిమాణపు రాక్షసుడి ఎదుట నిలబడి ఉంటే వాడి కాళ్ల సందులోంచి దర్జాగా వెళ్లిపోయేవాడు. ఇక్కడ చాలామంది ఒక చిన్న పొరపాటు చేస్తారు. హాఫ్‌లింగ్‌లకు తమకంటే పెద్దవారెవరి చోటులోంచైనా దాటగలిగే జాతి లక్షణం ఒకటుంది కదా, దొంగ దానివల్లే దాటాడనుకుంటారు. ఓగర్ విషయంలో ఆ లక్షణం అవసరమే లేదు. అక్కడ గ్నోమ్ ఉన్నా, గోబ్లిన్ ఉన్నా అలాగే దాటేవి, అవీ స్మాల్ జాతులే. ఆ లక్షణం పనికొచ్చేది మీడియం శత్రువు, అంటే మామూలు మనిషి సైనికుడు, ఎదురైనప్పుడు.

దాటవచ్చు అన్నంత మాత్రాన ఊరికే దాటనివ్వరు. ఇంకొకరి చోటు నడకకు కష్టమైన నేల కింద లెక్క. ఐదడుగుల గడికి పది అడుగుల నడక ఖర్చవుతుంది. మా దొంగ లెక్క వేసి చూడండి. ఓగర్‌ను ఆనుకునే ఉన్నాడు. ఓగర్ చోటులో అతను తొక్కాల్సిన గళ్లు రెండు, ఇరవై అడుగులు ఖర్చు. అవతలి గడిలో అడుగు పెట్టడానికి ఇంకో ఐదు. మొత్తం ఇరవై ఐదు. 2014 కూర్పులో హాఫ్‌లింగ్ వేగం సరిగ్గా ఇరవై ఐదు అడుగులు. ఒక్క అడుగు తక్కువైనా దూరే వీలు ఉండేది కాదు, ఎందుకంటే ఓగర్ చోటు మధ్యలో ఆగడం నిషేధం. దాటేటప్పుడు ఓగర్ దెబ్బ వేయదా అంటే, వేయదు. తన అందుబాటు విడిచి వెళ్లేవాడి మీదే అది ఆపర్చునిటీ అటాక్ వేయగలదు. ఓగర్ చేయి ఐదడుగుల దూరం అందుతుంది, అవతలి గడి కూడా ఆ ఐదడుగుల్లోనే ఉంది. దొంగ దాని కళ్ల ముందు నుంచి వీపు వెనక్కి వెళ్లాడు, అందుబాటు మాత్రం విడవలేదు. నాకు ఈ నియమాల్లో ఇష్టమైన చోట్లలో ఇదొకటి. అంకెలు వాటంతట అవే కథ చెబుతాయి: చిన్నవాడు ఊపిరి బిగబట్టి దూరాడు, అవతల తేలాడు, ఇంకొక్క అడుగు వేసే ఓపిక లేదు, ఓగర్ వెనక్కి తిరుగుతోంది.

2024లో సవరించిన నియమాలు వచ్చాయి. వాటిలో హాఫ్‌లింగ్ వేగం ముప్పై అడుగులు. అంటే అదే దొంగ అవతల ఇంకో గడి వేయగలడు, కాని ఆ అడుగుతో ఓగర్ అందుబాటు విడిచినట్టవుతుంది, దెబ్బ తినే ప్రమాదం తెచ్చుకున్నట్టే. దాటే నియమాన్ని కూడా కొంచెం సర్దారు. మిత్రుడి చోటు, టైనీ జీవి చోటు, స్పృహ తప్పినట్టుగా ఏమీ చేయలేని స్థితిలో ఉన్నవాడి చోటు, రెండు మెట్ల తేడా ఉన్న జీవి చోటు, ఈ నాలుగూ దాటవచ్చు. వీటిలో మిత్రులవీ టైనీ జీవులవీ ఇప్పుడు కష్టమైన నేల కాదు. పాత నియమంలో మిత్రుడిని దాటినా రెట్టింపు నడక ఖర్చయ్యేది. నేను చూసిన బల్లల్లో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. జనం ఎలాగూ పాటించని నియమాన్ని ఎత్తేయడం తెలివైన పని.

ఇక ఆగడం. రెండు కూర్పుల్లోనూ మాట ఒకటే: కావాలని ఇంకొకరి చోటులో నడక ముగించకూడదు. మిత్రుడైనా అంతే, శత్రువైనా అంతే. "కావాలని" అన్న మాటలో చిక్కు దాగి ఉంది. కావాలని కాకుండా ఆగిపోతే? దొంగ ఓగర్ కాళ్ల కింద ఉన్నప్పుడే ఎవరో మంత్రం వేసి అతని వేగాన్ని సున్నా చేశారనుకోండి. 2014 పుస్తకం దీనికి నేరుగా జవాబివ్వదు, ఆట నడిపేవారి తలకు చుట్టి వదిలేసింది. 2024 పుస్తకం ఇచ్చింది. ఎలాగో ఇంకొకరి చోటులో నీ వంతు ముగిసిందంటే నువ్వు నేల మీద పడిపోతావు, నువ్వు టైనీ అయితేనో, అవతలివాడికంటే పెద్దవాడివైతేనో తప్ప. ఈ ఒక్క వాక్యం నాకు బాగా నచ్చింది. ఇద్దరి అదుపు ఒకే మేరలో ఢీకొంటే చిన్నవాడి అదుపు పోతుంది. సమానమైనవాడైనా సరే, ఎవరి వంతు అక్కడ ముగిసిందో వాడే పడతాడు. గడి అంటే అదుపు అన్న మొదటి నిర్వచనానికి ఇది సరిగ్గా అతికింది.

పై నుంచి పడితే ఏం జరుగుతుందో 2020లో వచ్చిన ఒక అనుబంధ నియమం చెప్పింది. ఒక జీవి ఇంకొకదాని చోటులోకి పడిందనుకోండి, రెండింటిలో ఏదీ టైనీ కాదు. కిందున్నది 15 లక్ష్యంతో చురుకుదనపు పాచిక వేసి తప్పుకోవాలి. తప్పుకోలేకపోతే పడినదానికి తగలాల్సిన దెబ్బను ఇద్దరూ సగం సగం పంచుకుంటారు, కిందున్నదీ నేల కరుస్తుంది. అయితే కిందున్నది పడినదానికంటే రెండు మెట్లో అంతకు మించో పెద్దదైతే పడిపోదు. మళ్లీ అదే రెండు మెట్ల తేడా. ఈ కొలత ఒకసారి పట్టుబడితే చాలా నియమాలు గుర్తుపెట్టుకునే పనే ఉండదు. పట్టుకున్న శత్రువును ఈడ్చుకుపోతే మామూలుగా మన వేగం సగమవుతుంది, వాడు మనకంటే రెండు మెట్లు చిన్నవాడైతే కాదు. పట్టుకోవడానికి మాత్రం మనకంటే ఒక మెట్టు పెద్దదాని వరకే అనుమతి.

పోరాటం సంగతికి వచ్చేముందు ఇరుకు గురించి చెప్పాలి, ఎందుకంటే అదుపు అన్న మాటకు అసలు పరీక్ష అక్కడే. లార్జ్ జీవి ఐదడుగుల సందులో దూరగలదా? 2014 నియమం ప్రకారం దూరగలదు. తనకంటే ఒక మెట్టు చిన్న జీవికి సరిపోయే చోటులోకి ఏ జీవైనా ఒళ్లు ముడుచుకుని దూరవచ్చు. అప్పుడు ప్రతి అడుగుకూ ఇంకో అడుగు అదనంగా ఖర్చు. దాడి పాచికలకూ చురుకుదనపు పాచికలకూ డిసడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి తక్కువ వచ్చినది తీసుకోవాలి. దాని మీద దాడి చేసేవారికి అడ్వాంటేజ్, రెంటిలో ఎక్కువది తీసుకోవచ్చు. శరీరం దూరింది, అదుపు దూరలేదు. దుడ్డుకర్ర తిప్పడానికి చోటు లేని ఓగర్ సగం ఓగర్.

ఇది తెలిసిన ఆటగాళ్లు పెద్ద జంతువులను సందులోకి రప్పించడం మొదలుపెడతారు. మంచి ఎత్తే. కాని అనుకున్నంత మంచిది కాదు. నలభై అడుగుల వేగమున్న ఓగర్ సందులో ఇరవై అడుగులే నడుస్తుంది, సరే. దానికి ఎదురుగా నిలబడి కత్తి దూసే అవకాశం మాత్రం ఒక్కడికే. వెనకున్న విలుకాడికి అడ్వాంటేజ్ ఉన్నా, మధ్యలో నిలబడిన మిత్రుడే ఓగర్‌కు సగం చాటు అవుతాడు, దాని రక్షణ అంకె, అంటే దెబ్బ తగలాలంటే దాడి పాచిక అందుకోవాల్సిన అంకె, పదకొండు నుంచి పదమూడుకు పెరుగుతుంది. ఓగర్‌ను ఇరికించామనుకుంటూ మనమూ ఇరుక్కుంటాం.

చుట్టుముట్టడం లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. గళ్ల కాగితం ఒకటి తీసుకోండి. మధ్య గడిలో ఒక మనిషి. చుట్టూ ఎనిమిది గళ్లు, కాబట్టి ఎనిమిదిమంది మీడియం శత్రువులు. లార్జ్ జీవి చుట్టూ పన్నెండుమంది, హ్యూజ్ చుట్టూ పదహారు, గార్గాంటువన్ చుట్టూ ఇరవై. జీవి భుజం ఒక గడి పెరిగినప్పుడల్లా చుట్టూ నాలుగే గళ్లు పెరుగుతాయి. ఆక్రమించే గళ్లు మాత్రం ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు అని ఎగబాకుతాయి. పటం మీద పదహారు రెట్లు పెద్దదైన డ్రాగన్‌ను కొట్టడానికి రెండున్నర రెట్ల మందికే చోటు దొరుకుతుంది. గుంపుగా వెళ్లి పెద్ద జంతువును ముంచేద్దామనుకునేవారికి ఈ జ్యామితి ఒప్పుకోదు. పది అడుగులు అందే పొడవాటి ఆయుధాలు ఉంటే రెండో వరుస కూడా పనిలోకి వస్తుంది. మనిషి చుట్టూ ఆ రెండో వరుసలో ఇంకో పదహారు గళ్లుంటాయి.

తిరగేసి చూడండి. ఒక మనిషి చుట్టూ ఎన్ని ఓగర్లు నిలబడగలవు? ఊహకు ఆరో ఏడో తడతాయి. జవాబు నాలుగు. ఎందుకో కాగితం మీద చూస్తే తెలుస్తుంది. మనిషి చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో నాలుగు మూల గళ్లు, నాలుగు పక్క గళ్లు. రెండుకు రెండు గళ్ల ఓగర్‌ను మనిషికి ఆనుకునేలా ఎక్కడ పెట్టి చూసినా అది ఏదో ఒక మూల గడిని మింగక తప్పదు. పక్క గడిలో ఒక కాలు పెడితే రెండో కాలు మూలలో పడుతుంది. మూలలు నాలుగే. ఐదో ఓగర్ ఎంత తోసుకొచ్చినా దానికి మూల మిగలదు. బల్ల దగ్గర ఇది ఒకసారి చేసి చూపించాక, నాలుగు ఓగర్ల మధ్య నిలబడ్డ ఆటగాడి ముఖంలో కొంచెం ఊరట కనిపించింది. కొంచెమే.

మినహాయింపులు నియమం అసలు రూపాన్ని బయటపెడతాయి. ఈ ఆటలో జెలటినస్ క్యూబ్ అని ఒక వింత జీవి ఉంది. పది అడుగుల జిగట ఘనం, నడవ నిండా జారుకుంటూ వచ్చి ఎదురొచ్చినదాన్ని మింగేస్తుంది. దాని వివరణలో ఒక వాక్యం ఉంటుంది: ఈ క్యూబ్ తన చోటంతా నిండి ఉంటుంది. ఒక్క జీవికి ఈ మాట ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే మిగిలిన జీవులేవీ తమ చోటు నింపవనే కదా. ఇంకా తమాషా ఏమిటంటే దాని చోటులోకి ఎవరైనా అడుగు పెట్టవచ్చు. పెడితే అది మింగుతుంది, తప్పించుకునే పాచికకు డిసడ్వాంటేజ్ కూడా.

ఎలుకల గుంపు, పురుగుల గుంపు రెండో మినహాయింపు. పటం మీద గుంపంతా ఒకే జీవి, చాలావాటి పరిమాణం మీడియం, లోపలున్నవి టైనీ. గుంపు ఇంకొకరి చోటులో ఉండవచ్చు, ఇతరులు గుంపు చోటులో ఉండవచ్చు. ఎలుకల గుంపుకు అదుపు అంటూ ఏమీ లేదు, మీ కాళ్ల చుట్టూ పారడమే దాని పోరాటం. ఒంటరి టైనీ జీవి పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. మాంత్రికుడి భుజం మీద గుడ్లగూబ కూర్చోవచ్చా అంటే, నియమాన్ని అక్షరాలా పట్టుకుంటే అది ఇంకొకరి చోటులో నడక ముగించినట్టే, కుదరదు. ఈ మాట పట్టుకుని గుడ్లగూబను భుజం మీంచి దింపించే ఆట నడిపేవారితో నేను ఆడను.

గుర్రం మీద రౌతు మూడోది. వాహనం రౌతుకంటే కనీసం ఒక మెట్టు పెద్దదై ఉండాలి, ఎక్కడానికి సగం నడక ఖర్చవుతుంది. ఎక్కాక రౌతు గుర్రం చోటులో ఉంటాడు. గుర్రానివి నాలుగు గళ్లు, రౌతు వాటిలో ఏ గడిలో ఉన్నట్టు? 2014 పుస్తకం చెప్పదు. నాలుగింటిలోనూ ఉన్నాడంటే అతని ఈటె ఒకేసారి నాలుగు దిక్కులకూ అందుతుంది. ఒక గడినే ఎంచుకోవాలంటే ప్రతిసారీ జీను ఎక్కడుందని వాదన. నేను మొదటిదే పాటిస్తాను. ఆరు సెకన్లలో గుర్రం చుట్టూ తిరుగుతుంది కదా, మరక మళ్లీ మరకే.

అసలు గుర్రానికి పదికి పది చతురస్రం ఎందుకు? గుర్రం పొడవుగా ఉంటుంది గాని అంత వెడల్పు ఉండదు. 2000లో వచ్చిన మూడో కూర్పులో గుర్రానికి ఐదుకు పది అడుగుల దీర్ఘచతురస్రమే ఉండేది. 2003 సవరణలో అన్నీ చతురస్రాలైపోయాయి. చూడటానికి వెనకడుగులా ఉన్నా నా దృష్టిలో ఇది తెలివైన మార్పు. దీర్ఘచతురస్రం పెట్టగానే గుర్రం ఎటు తిరిగి ఉందన్న ప్రశ్న వస్తుంది, తిరగడానికి ఎంత ఖర్చని ఇంకో ప్రశ్న వస్తుంది. దీర్ఘచతురస్రం గుర్రం ఒంటిని చూపిస్తుంది, చతురస్రం అది తిరిగే మేరను చూపిస్తుంది. గడి ఒంటి నుంచి అదుపుకు మారడం అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అంతకుముందు లెక్క మరోలా ఉండేది. ఈ ఆట 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ చేతుల మీదుగా వచ్చింది. దాని వేర్లు 1971 నాటి చెయిన్‌మెయిల్ అనే యుద్ధక్రీడలో ఉన్నాయి. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలో ఆయుధాల పట్టికలో ప్రతి ఆయుధానికీ కావలసిన చోటు రాసి ఉండేది. పొడవాటి కత్తికి మూడడుగులు, రెండు చేతుల కత్తికి ఆరు. అక్కడ చోటు ఆయుధానిది, పట్టుకున్నవాడిది కాదు. పది అడుగుల నడవలో మామూలు కత్తులతో ముగ్గురు భుజం భుజం కలిపి నిలబడవచ్చు, రెండు చేతుల కత్తితో అయితే ఒక్కడే. ఆ మూడడుగులు గాలిలోంచి ఊడిపడ్డవి కావు. మాసిడోనియా పదాతి వరుసలో ఒక్కో సైనికుడికి మూడడుగుల చోటని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ రాశాడు. రోమన్ సైనికుడికి కత్తి తిప్పడానికి అంతకంటే వదులు కావాలని కూడా అన్నాడు. డాళ్లు కలిపి నిలబడే వరుసకు మూడు సరిపోతుంది. విడివిడిగా కలబడే సాహసికుల గుంపుకు ఐదడుగులు ఎక్కువేమీ కాదు.

పక్క ఆటలు ఇదే ముడిని వేరేగా విప్పాయి. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో కూర్పులో ఊరికే దాటాలంటే మూడు మెట్ల తేడా ఉండాలి. అంతకు తక్కువైతే దారి మూసుకుపోదు, దొర్లుకుంటూ దాటే ప్రయత్నం చేయవచ్చు. పాచిక గెలిస్తే అవతలికి, ఓడితే అక్కడికే నడక ఆఖరు. టైనీ జీవులు ఎవరి చోటులోనైనా దర్జాగా ఆగవచ్చు, ఆ గుడ్లగూబ కూడా. గర్ప్స్ అనే ఆటలో షడ్భుజాల పటం, ఒక్కో గడి గజం, అంటే మళ్లీ మూడడుగులే. అక్కడ శత్రువు గడిలోకి చొరబడటం నిషేధం కాదు, అదో పోరాట పద్ధతి. చొరబడ్డాక పొడవాటి కత్తి పనికిరాదు, బాకు పనికొస్తుంది. కలబడి కొట్టుకోవడం చూసినవారెవరికైనా ఇది నిజానికి దగ్గరగా అనిపిస్తుంది, కాకపోతే లెక్కలు ఎక్కువ.

నాకు పాత్‌ఫైండర్ పద్ధతి నచ్చుతుంది. "కుదరదు" అనే బదులు "ప్రయత్నించు" అంటుంది. రెండు మెట్ల నియమం వేగంగా తేలుతుంది, కాని యోధుడి లాంటివాడి ముఖాన తలుపు వేసినట్టు ఉంటుంది.

ఇంతకీ ఆ రోజు ముప్పావుగంట వాదన చివర్లో తేలిందేమిటంటే, ఆ తలుపుకు గడియ లేదు. ఆట నడిపేవారి కోసం 2014లో వచ్చిన పుస్తకంలో, నేను ఎప్పుడూ తిప్పని పేజీల్లో, ఐచ్ఛిక నియమాలు కొన్ని ఉన్నాయి. శత్రువును తోసుకుంటూ పోవడం ఒకటి. పెద్ద జంతువు మీదికి ఎగబాకి అంటిపెట్టుకోవడం ఇంకొకటి, అక్కడ ఇద్దరూ ఒకే చోటు పంచుకోవడానికి రాతపూర్వకమైన అనుమతి ఉంది. మూడోది దొర్లి దాటడం. దాటాలనుకున్నవాడూ అడ్డున్నవాడూ ఇద్దరూ ఒడుపు పాచిక వేయాలి, దాటేవాడు గెలిస్తే ఈ వంతులో ఒకసారి శత్రువు చోటులోంచి వెళ్లవచ్చు. ఓగర్ ఒడుపులో మందకొడిది, దాని పాచిక లోంచి ఒకటి తీసేయాలి. నిండు కవచంలో ఉన్న మా యోధుడికి కలపడానికీ తీయడానికీ ఏమీ లేదు. పుస్తకం అతని ముందు పెట్టి సారీ చెప్పాను.

అతను పాచికను అరచేతిలో చాలాసేపు కుదిపి వదిలాడు. ఆరు. నేను ఓగర్ తరఫున వేశాను. తొమ్మిది, ఒకటి పోగా ఎనిమిది. యోధుడు ఉన్నచోటే ఉన్నాడు, అతని వంతు అయిపోయింది. అవతల ఒక్క అడుగు నడక కూడా మిగలని హాఫ్‌లింగ్, మధ్యలో ఓగర్, తరువాతి వంతు ఓగర్‌ది.